ముందు పని రాయండి, తర్వాత వాచీ చూడండి

నవంబర్ వస్తోందంటే మలేషియాలో షాపీ, లజాడా ఆప్‌లలో 11.11 సేల్ హడావుడి మొదలవుతుంది. అది అయ్యీ అవకముందే 12.12. చేతికి స్మార్ట్‌వాచ్ లేనివాళ్లకు కొనాలనిపించేదీ, ఉన్నవాళ్లకు మార్చాలనిపించేదీ ఆ రోజుల్లోనే. సైబర్‌జయకు ఐటీ ఉద్యోగం మీద కొత్తగా వచ్చిన కుర్రాళ్లయినా, పెరాక్‌లో బాగన్ దతుక్ కొబ్బరితోటల నాటి నుంచి తరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబాల వాళ్లయినా అడిగేది ఒకటే: "ఏ కంపెనీది తీసుకోమంటారు?" దానికంటే ముందు తేలాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఆ వాచీతో మీకేం పని? దానికి జవాబు దొరికితే కంపెనీ పేరు చాలావరకు దానంతటదే తేలిపోతుంది. దొరక్కపోతే ఏది కొన్నా కొన్నాళ్లకు సొరుగులోకి చేరుతుంది.

1. పనిని ఒక్క వాక్యంలో రాసుకోండి

కాగితం మీద రాయండి, మనసులో అనుకుంటే చాలదు. "ఆరోగ్యం కోసం" అని రాస్తే అది పని కిందికి రాదు. "పొద్దున్నే బుకిట్ గాసింగ్ ఎక్కేటప్పుడు ఫోను ఇంట్లో వదిలేసి వెళ్లాలి, ఎంత దూరం నడిచానో తెలియాలి" అంటే అది పని. "ఆఫీసు మీటింగులో ఫోను సంచీలో ఉన్నా పిల్లల బడి నుంచి వచ్చే కాల్ తప్పిపోకూడదు" అంటే అదీ పనే. "ఒంటరిగా ఉంటున్న అమ్మ బాత్రూంలో జారిపడితే నాకు వెంటనే తెలియాలి" అన్నది అన్నిటికంటే పెద్ద పని.

ఇలా ఒక్కటి కూడా రాయలేకపోతే ఈసారికి కొనకండి. ఏం నష్టం లేదు, సేల్ మళ్లీ వస్తుంది.

రాసిన పని "అడుగులు లెక్కపెట్టడం" ఒక్కటే అయితే మీ జేబులోని ఫోను ఆ లెక్క ఇప్పటికే వేస్తోంది. ఒక నెల ఆ లెక్కతోనే నడిచి చూడండి. ఫోను చేతిలో పట్టుకుని నడవడం చిరాకనిపిస్తే 200 రింగిట్ల లోపు వచ్చే ఫిట్‌నెస్ బ్యాండ్ సరిపోతుంది. ఇంకో మాట. రోజుకు 10,000 అడుగులు వేయాల్సిందేనన్న లెక్క డాక్టర్లు పెట్టింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు ప్రచారంలోంచి పుట్టింది. 2019లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో 7,500 అడుగుల దగ్గరకు వచ్చేసరికే లాభం స్థిరపడినట్టు తేలింది. వాచీలో ముందే పెట్టి ఉన్న లక్ష్యం అందుకోలేకపోతున్నామని పెద్దవాళ్లు దిగులు పడనక్కర్లేదు. దాన్ని మార్చుకోవచ్చు.

2. మీ ఫోను చూడండి, సగం జాబితా అక్కడే పోతుంది

ఆపిల్ వాచ్ ఐఫోన్‌తోనే పనిచేస్తుంది. 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 నుంచి శాంసంగ్ వాచీలు ఆండ్రాయిడ్ ఫోన్లతోనే పనిచేస్తున్నాయి. ఆ వాచీల్లో ఈసీజీ కావాలంటే మామూలు ఆండ్రాయిడ్ కూడా చాలదు, శాంసంగ్ ఫోనే ఉండాలి. షావోమీ, అమేజ్‌ఫిట్, గార్మిన్ వాచీలు రెండు రకాల ఫోన్లతోనూ కలుస్తాయి. హువావే కూడా కలుస్తుంది గానీ, ఆండ్రాయిడ్‌లో దాని హెల్త్ ఆప్‌ను ఆ కంపెనీ సొంత ఆప్‌గ్యాలరీ నుంచో, వెబ్‌సైట్ నుంచో దింపుకోవాలి. ఊళ్లో ఉన్న నాన్నగారికి కొనిపెడుతుంటే ఆ పని ఎవరు చేసిపెడతారో ముందే ఆలోచించుకోండి.

వచ్చే ఏడాది ఫోను మార్చే ఉద్దేశం ఉంటే వాచీ నిర్ణయం దాని తర్వాతే. ఐఫోన్ వదిలి ఆండ్రాయిడ్‌కు మారిన రోజున ఆపిల్ వాచ్ చేతికి అలంకారంగానే మిగులుతుంది.

3. వాచీ ఏం కొలవగలదో, ఏం కొలవలేదో తెలుసుకోండి

ఈ ఒక్క మెట్టు దగ్గర తొందరపడకండి. మిగతావన్నీ డబ్బు విషయాలు, ఇది ప్రాణం విషయం.

వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ దీపాలు చూసే ఉంటారు. ఆ వెలుగు చర్మంలోకి వెళ్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం కాస్త పెరుగుతుంది, వెలుగును ఎక్కువ పీల్చుకుంటుంది, తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ ఎగుడుదిగుళ్లను లెక్కపెట్టి గుండె వేగం చెబుతుంది. కదలకుండా కూర్చున్నప్పుడు ఈ లెక్క బాగా కుదురుతుంది. బ్యాడ్మింటన్ ఆడుతుంటేనో, పట్టీ వదులుగా ఉంటేనో, మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటేనో తప్పుతుంది. మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, జారకుండా పెట్టుకుంటే చాలా తేడా కనిపిస్తుంది. నిద్ర ఎంతసేపు పోయారన్నది కూడా పనికొచ్చే లెక్కే. గాఢనిద్ర ఇన్ని నిమిషాలు, కలల నిద్ర ఇన్ని నిమిషాలు అని చూపించే అంకెలు మాత్రం అంచనాలే.

గుండె లయ తప్పుతోందని వాచీ హెచ్చరిస్తే ఏం చేయాలి? అమెరికాలో ఆపిల్ వాచ్ పెట్టుకున్న 4,19,297 మందిని గమనించిన అధ్యయనం 2019లో వెలువడింది. వాళ్లలో అలాంటి హెచ్చరిక వచ్చింది 0.52 శాతానికే. హెచ్చరిక వచ్చాక ఛాతీకి ఈసీజీ పట్టీ పెట్టుకుని దాన్ని తిరిగి పంపినవాళ్లలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) కనిపించింది. ఆ జబ్బు వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి, పట్టీ ఉన్న రోజుల్లో కనిపించనంత మాత్రాన అసలు లేదని చెప్పలేం. కాబట్టి హెచ్చరిక రాగానే బెంబేలెత్తకండి, అలాగని కొట్టిపారేయకండి. క్లినిక్‌కు వెళ్లి ఈసీజీ తీయించుకోండి. ఈసీజీ సదుపాయం ఒక్కో దేశంలో ఒక్కో మోడల్‌కు విడిగా అనుమతి పొందాలి. మలేషియాలో వైద్య పరికరాలను 2012 నాటి చట్టం కింద మెడికల్ డివైస్ అథారిటీ చూస్తుంది. పెట్టె మీద ఈసీజీ బొమ్మ ఉన్నా, మలేషియాలో అది తెరుచుకుంటుందో లేదో కంపెనీ మలేషియా వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

ఇక షుగరు. మలేషియా ఆరోగ్యశాఖ 2023లో చేసిన జాతీయ సర్వే ప్రకారం ఇక్కడి పెద్దవాళ్లలో 15.6 శాతం మందికి మధుమేహం ఉంది, అంటే దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరికి. ఆ మార్కెట్ మీద కన్నేసే "సూది అక్కర్లేదు, షుగరు చూపిస్తుంది" అంటూ చవక వాచీలు ఆన్‌లైన్‌లో కుప్పలుగా అమ్ముతున్నారు. వాటిని కొనకండి. చర్మానికి గుచ్చకుండా, తనంతట తానే రక్తంలో చక్కెర కొలుస్తుందనే ఏ స్మార్ట్‌వాచ్‌కూ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో జనాన్ని హెచ్చరించింది. తప్పుడు అంకె చూసి ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే కొన్ని గంటల్లోనే మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. వాచీ 110 అని చూపిస్తోందన్న ధీమాతో మాత్ర మానేసిన మనిషికి జరిగే నష్టం ఇంకా నెమ్మదిగా, ఇంకా లోతుగా ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. చేతికో పొట్టకో అతికించే సెన్సార్లు కొన్ని ఉన్నాయి. వాటి సన్నటి తీగ చర్మం కిందికి వెళ్లి అక్కడి ద్రవంలో చక్కెర కొలుస్తుంది. ఆ అంకెను తెచ్చి తెర మీద చూపించే వాచీలు ఉన్నాయి, అవి మోసం కాదు. కొలిచేది సెన్సారు, చూపించేది వాచీ. ఏ సెన్సారూ లేకుండా వాచీయే కొలుస్తుందన్నారంటే అక్కడితో మాట ముగించి బయటికి వచ్చేయండి. మీ పెద్దమ్మో బాబాయో ఇప్పటికే అలాంటిది కొనుంటే వాళ్లను కోప్పడకండి. స్ట్రిప్పుల మీటరుతో పక్కపక్కనే రెండు అంకెలూ చూపించండి. 

బీపీ కొంచెం వేరు. అదే సర్వేలో 29.2 శాతం మందికి అధిక రక్తపోటు ఉందని తేలింది, కాబట్టి ఈ సదుపాయం మీద ఆశ ఉండటం సహజం. శాంసంగ్ వాచీల్లో బీపీ చూడాలంటే ముందు మామూలు బీపీ మిషన్‌తో సరిచూసి పెట్టాలి, ప్రతి 28 రోజులకూ మళ్లీ చేయాలి. అంటే బీపీ మిషన్ ఇంట్లో ఎలాగూ ఉండాల్సిందే. హువావే వాచ్ డి పట్టీలో నిజంగానే గాలి నిండే సంచీ ఉంటుంది, అది మిషన్ పద్ధతిలోనే కొలుస్తుంది. బీపీ ఉన్న మనిషికి మొదట కొనిపెట్టాల్సింది మాత్రం చేతికి చుట్టే మంచి బీపీ మిషనే. వాచీ కన్నా చాలా చవక, డాక్టరు నమ్మేదీ దాన్నే.

4. డబ్బు కట్టడానికే అయితే మళ్లీ ఆలోచించండి

ఆపిల్ పే మలేషియాకు 2022 ఆగస్టులో వచ్చింది. మొదట మేబ్యాంక్, ఆమ్‌బ్యాంక్, స్టాండర్డ్ చార్టర్డ్ కార్డులతో మొదలై, తర్వాత మరికొన్ని బ్యాంకులు చేరాయి. అదే ఏడాది చివర్లో గూగుల్ వాలెట్ వచ్చింది. కార్డు మిషన్ ఉన్నచోట వాచీ చూపిస్తే చాలు, హాయిగా ఉంటుంది. కానీ మీ రోజువారీ ఖర్చు ఎక్కడ? మామక్ హోటల్లో రోటీ చనాయ్ తిని, తే తారిక్ తాగి లేచేటప్పుడు బల్ల మీద కనిపించేది డ్యుయిట్‌నౌ క్యూఆర్ అట్ట. దాన్ని స్కాన్ చేయాలంటే కెమెరా కావాలి, కెమెరా ఉన్నది ఫోనుకు. పసార్ మాలమ్‌లోనూ అంతే. కాబట్టి "ఫోను తీయకుండా డబ్బు కట్టాలి" అన్నది మీరు రాసుకున్న పని అయితే, గత వారం మీరు ఎక్కడెక్కడ డబ్బు కట్టారో బ్యాంకు ఆప్ తెరిచి చూసుకోండి. సూపర్‌మార్కెట్లు, మాల్స్ ఎక్కువుంటే వాచీ ఉపయోగపడుతుంది. క్యూఆర్‌లే నిండి ఉంటే ఉపయోగపడదు.

5. చెమట, వాన, ఈతకొలను

ఏడాదంతా ఉక్కపోత ఉండే దేశం ఇది. వాచీ మీద 5 ఏటీఎం అని ఉంటే ఈత కొట్టొచ్చు, వానలో తడవొచ్చు. 50 మీటర్ల లోతుకు దూకొచ్చని దానర్థం కాదు, అది ప్రయోగశాలలో కదలని నీటి ఒత్తిడికి పెట్టిన లెక్క. వేడినీళ్ల స్నానం, ఆవిరి, సబ్బు నురుగు లోపలి రబ్బరు బిగింపులను పాడుచేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ నీటిని ఆపే శక్తి తగ్గుతుంది. సముద్రంలో మునిగితే ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగండి.

సిలికాన్ పట్టీ కింద చెమట నిలిచి మణికట్టు మీద దద్దుర్లు లేవడం ఇక్కడ మామూలు. గుడ్డ పట్టీ ఒకటి అదనంగా కొనుక్కోండి. రోజూ కాసేపు వాచీ తీసి చేతిని ఆరనివ్వండి.

6. దుకాణంలో తెలుగు మెసేజ్ పరీక్ష

కొనేది ఆన్‌లైన్‌లోనే అయినా ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. కౌలాలంపూర్‌లో బుకిట్ బింతాంగ్ దగ్గరున్న లో యాట్ ప్లాజాలో అంతస్తుల నిండా ఎలక్ట్రానిక్స్ దుకాణాలే. ఆపిల్‌కు 2024 జూన్ నుంచి టీఆర్ఎక్స్ మాల్‌లో సొంత దుకాణం ఉంది.

అక్కడ చేయాల్సిన పరీక్ష, మనవాళ్లు తరచూ మరిచిపోయే పరీక్ష ఇదీ: ప్రదర్శనకు పెట్టిన వాచీని మీ ఫోనుకు కలపనిస్తారేమో అడగండి. కలిపాక ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి "అన్నం తిన్నారా, శ్రీకాంత్ క్షేమంగా చేరాడు" అని తెలుగు లిపిలో వాట్సాప్ పంపమనండి. కొన్ని వాచీల్లో తెలుగు చక్కగా కనిపిస్తుంది. చవక బ్యాండ్లలో చాలావాటికి తెలుగు అక్షరాలే ఉండవు, వరసగా ఖాళీ డబ్బాలు వస్తాయి. కొన్నిట్లో అక్షరాలు ఉన్నా ఒత్తులు విడిపోయి "క్షేమం" చదవలేనట్టు తయారవుతుంది. పై వాక్యంలో "శ్రీ", "న్న", "క్షే" పెట్టమన్నది అందుకే. ఇంటి నుంచి వచ్చే మెసేజులు తెలుగులో ఉండే వాళ్లకు ఈ ఒక్క పరీక్షే కొన్ని మోడళ్లను పక్కన పెట్టేస్తుంది. అమ్మకు కొనేటప్పుడైతే అక్షరం ఎంత పెద్దది చేయొచ్చో కూడా ఆమె కళ్లద్దాలు తీయించి చూపించండి.

తర్వాత ధర. "బాస్, ఇది మలేషియా సెట్టా, ఏపీ సెట్టా?" అని నేరుగా అడగండి. అక్కడ అందరికీ తెలిసిన మాటే. మలేషియా సెట్ అంటే కంపెనీ ఇక్కడ అధికారికంగా అమ్మేది, వారంటీ కంపెనీ సర్వీస్ సెంటర్ ఇస్తుంది. ఏపీ సెట్ అంటే వేరే దేశం నుంచి దుకాణదారు తెప్పించుకున్నది, వారంటీ ఆ దుకాణమే ఇస్తుంది. చవకగానే వస్తుంది, కానీ దుకాణం మూతపడితే వారంటీ కూడా పోయినట్టే. నా సలహా అయితే వాచీ విషయంలో మలేషియా సెట్టే తీసుకోండి. పైగా సిమ్ సదుపాయం, ఈసీజీ లాంటివి కొన్న దేశాన్ని బట్టి మారుతుంటాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న అమ్మానాన్నలకు ఇక్కడ కొని పట్టుకెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ రిపేరు వస్తే ఎవరు చూస్తారో తేలకపోతే అక్కడే కొనిపెట్టడం మేలు.

విదేశీ అమ్మకందారు నుంచి ఆన్‌లైన్‌లో 500 రింగిట్లు మించనివి తెప్పించుకుంటే 2024 జనవరి 1 నుంచి 10 శాతం అమ్మకపు పన్ను పడుతోంది. చవక అనుకున్న ధరకు అది కలిపి చూడండి.

7. పెద్దవాళ్ల కోసమైతే

పడిపోవడాన్ని గుర్తించే వాచీల్లో కొన్ని, పడ్డ మనిషి కాసేపు కదలకపోతే అత్యవసర నంబరుకు తామే కాల్ చేస్తాయి. మలేషియాలో ఆ నంబరు 999. కానీ కాల్ వెళ్లాలంటే ఫోను దగ్గర్లో ఉండాలి, లేదా వాచీకే సొంత సిమ్ కనెక్షన్ ఉండాలి. ఫోను హాల్లో చార్జింగ్‌లో పెట్టి పెరట్లోకి వెళ్లే అలవాటున్న అమ్మకు సిమ్ ఉన్న వాచీయే కావాలి. దానికి నెలనెలా కట్టాల్సింది ఎంతో మీ మొబైల్ కంపెనీని అడిగి, మూడేళ్ల మొత్తం లెక్కేసుకోండి. చార్జింగ్ సంగతీ చూడాలి. రోజూ పెట్టాల్సినది అయితే స్నానానికి వెళ్లేముందు చార్జింగ్‌లో పెట్టేస్తారు, జారిపడే భయం ఉన్నదేమో ఆ స్నానాల గదిలోనే. వారం పైన వచ్చే బ్యాటరీ ఉన్నదైతే ఆ బెడద తగ్గుతుంది, కానీ అలాంటివాటిలో చాలావాటికి సొంత సిమ్ ఉండదు. రెండిట్లో ఏది ముఖ్యమో ఆ ఇంటి పద్ధతిని బట్టి మీరే నిర్ణయించాలి.

8. ఉన్నదాన్ని మార్చాలా?

మొదట రాసుకున్న పని కాగితం మళ్లీ తీయండి. ఆ పని పాత వాచీ ఇంకా చేస్తోందా? చేస్తుంటే మార్చకండి. ఏటా వచ్చే కొత్త మోడల్‌లో తేడా చాలాసార్లు తెర వెలుగులోనో, రంగులోనో ఉంటుంది. ఏడాది తేడాకు వెయ్యి రింగిట్ల పైన పెట్టడం దండగని నేను గట్టిగా నమ్ముతాను.

మార్చడానికి సరైన కారణాలు కొన్నే. బ్యాటరీ మీ రోజును దాటించలేకపోవడం ఒకటి. అప్పుడు కూడా కొత్తది కొనేముందు బ్యాటరీ మార్పించడానికి ఎంతవుతుందో సర్వీస్ సెంటర్‌లో అడగండి. ఆపిల్ తన వాచ్ బ్యాటరీ 1,000 పూర్తి చార్జింగుల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారు చేశామంటుంది. రోజూ చార్జ్ చేసేవాళ్లకు అది దాదాపు మూడేళ్లు. సెట్టింగ్స్‌లోనే ఆ శాతం కనిపిస్తుంది.

అప్‌డేట్లు ఆగిపోవడం ఇంకో కారణం. 2024లో వచ్చిన వాచ్‌ఓఎస్ 11తో ఆపిల్ 2018 నాటి సిరీస్ 4ను, 2019 నాటి సిరీస్ 5ను, 2020 నాటి మొదటి ఎస్ఈని పక్కన పెట్టింది. అప్‌డేట్ ఆగిన మర్నాడే వాచీ ఆగిపోదు. బ్యాంకు కార్డు అందులో ఉంటే మాత్రం ఎక్కువకాలం నెట్టుకురావద్దు. కంపెనీయే సేవలు ఆపేస్తే పరిస్థితి ఇంకా కష్టం. పెబుల్ అనే వాచీల కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను 2016 చివర్లో ఫిట్‌బిట్ కొనుక్కుంది, 2018 జూన్ 30న దాని సర్వర్లు కట్టేసింది. ఆ వాచీలు టైము చూపించాయి గానీ, ఆ సర్వర్ల మీద నడిచే సదుపాయాలన్నీ పోయాయి. పేరు తెలియని కంపెనీ వాచీ కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మీ పనే మారడం మూడో కారణం. నడక నుంచి కేఎల్ మారథాన్‌కు సిద్ధమవుతున్నారంటే జీపీఎస్ బాగా పట్టే వాచీ కావాలి, దానికి ఖర్చుపెట్టడంలో తప్పులేదు.

9. కొన్నాక

బిల్లు ఫొటో తీసి దాచండి. లోపం బయటపడి అమ్మినవాళ్లు పట్టించుకోకపోతే, 1999 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన క్లెయిమ్స్ ట్రైబ్యునల్ ఉంది. ఫిర్యాదు రుసుము 5 రింగిట్లు, 50,000 రింగిట్ల దాకా క్లెయిము వేయొచ్చు, లాయరు అక్కర్లేదు, అసలు అనుమతించరు కూడా. మూడేళ్లలోపు వెళ్లాలి. వాచీ గురించి ట్రైబ్యునల్ దాకానా అని వెనకాడకండి, ఇలాంటి చిన్న కొనుగోళ్ల కోసమే అది ఉంది.

పాత వాచీని తమ్ముడికో, చెల్లెలి కొడుక్కో ఇస్తున్నారనుకోండి. ముందు మీ ఫోను నుంచి దాన్ని విడదీయండి, బ్యాంకు కార్డులు తొలగించండి, ఆ తర్వాత రీసెట్ చేయండి. ఆపిల్ వాచ్‌ను ఐఫోన్ నుంచి సరిగ్గా విడదీయకుండా ఇస్తే మీ ఆపిల్ ఖాతా పాస్‌వర్డ్ లేకుండా అది అవతలివాళ్ల చేతిలో తెరుచుకోదు. అది ఇంకో దేశంలో ఉన్నవాళ్లకు చేరిపోయాక ఆ ముడి విప్పడం పెద్ద తలనొప్పి. చార్జర్ కూడా వెంట ఇచ్చేయండి, అది కంపెనీని బట్టి మారుతుంది. పనిచేయనిదైతే చెత్తబుట్టలో వేయకండి, లోపలున్నది లిథియం బ్యాటరీ. పాత ఎలక్ట్రానిక్ సామాను సేకరించే డబ్బాలు చాలా మాల్స్‌లో ఉన్నాయి, అందులో వేయండి.